సర్వజన భవనంలో పెళ్లిచూపులు

మన నగరంలో పదిమంది ఒకచోట కూర్చోవాలంటే ఎవరికైనా పెళ్లి కుదిరి ఉండాలి, లేదా ఎవరైనా పోయి ఉండాలి. ఈ రెండూ లేకుండా ఊరికే కూర్చుంటామనేవాళ్లు ఉంటారని నాగరిక సమాజం ఇంతవరకూ ఊహించలేదు. (ఊహించి ఉంటే దానికీ ఒక రుసుము పెట్టేది.)

ఈ సత్యం తనూజకు ముప్పై మూడేళ్ల వయసులో, మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక సందులో, సర్వజన సామాజిక భవనం వారి బుకింగ్ కిటికీ ముందు బోధపడింది.

తనూజది లాల్‌దర్వాజా. చీరలకు ఫాల్స్, పికో చేసే చిన్న దుకాణం ఆమెది. దుకాణం పైన అటకకు ఎక్కువ, గదికి తక్కువ అనదగ్గ చోటొకటి ఉండేది. రెండేళ్లుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం అక్కడ కొందరు చేరేవారు. ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లు, మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు, పుట్టినప్పుడు ఇంట్లోవాళ్లు ఒకటనుకుంటే పెరిగి మరొకటైనవాళ్లు. చాయ్ తాగేవారు. అంత్యాక్షరి ఆడేవారు. పొద్దు వాలేసరికి ఎవరి ఇంటికి వాళ్లు, ఎవరి అబద్ధంలోకి వాళ్లు వెళ్లిపోయేవారు. ఇలా కలుసుకోవడానికి ఊరి అవతలి కొసన, అద్దాల మేడల వైపు, మంచి మంచి చోట్లున్నాయని వినికిడి. అయితే అక్కడికి చేరాలంటే రెండు బస్సులు మారాలి, దిగాక భాష కూడా మారాలి.

ఒకరోజు ఇంటి ఓనరు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఇంతమంది మగోళ్లు ప్రతి ఐతారం చీరలకు ఫాల్స్ కుట్టించుకుంటుండ్రా?"

తనూజ దగ్గర జవాబు లేకపోయింది. తరవాతి వారానికి గది కూడా లేకపోయింది.

అందుకే ఆమె సర్వజన భవనం మెట్లెక్కింది. పేరులోనే సర్వజనులున్నారు గదా అనుకుంది. కిటికీ వెనక నర్సింహ ఉన్నాడు. హాలు కేర్‌టేకరూ ఆయనే, బుకింగ్ ఇన్‌చార్జీ ఆయనే. కమిటీ వారు కొత్తగా పెట్టిన 'మన భవనం' యాప్‌ను చేతి ఫోన్‌లో నడిపేదీ ఆయనే. (ప్రజలు ఇంట్లో కూర్చుని బుక్ చేసుకునేందుకే ఆ యాప్. కాకపోతే అది నర్సింహ ఫోన్‌లో మాత్రమే తెరుచుకుంటుంది.)

"ప్రోగ్రాం ఏంది బిడ్డా?"

"మా అసొంటోళ్లం కొందరం ఉన్నం బాపు. ఎల్‌జీబీటీక్యూ అంటరు. కలిసి కూసుంటం, ముచ్చట పెట్టుకుంటం. గంతే."

నర్సింహ కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు. "ఎల్‌జీ అంటే ఫ్రిజ్‌లోళ్లు గదా. కంపెనీ మీటింగులకు ఐతారం ఇయ్యరు."

"ఫ్రిజ్‌లు గాదు బాపు. ఆడోళ్లను ఇష్టపడే ఆడోళ్లు, మగోళ్లను ఇష్టపడే మగోళ్లు..."

"నువ్వు ఎవల్నన్న ఇష్టపడు బిడ్డా, నాకేం ఫికర్ లేదు. ఈ యాప్‌ల ఏ డబ్బా నొక్కాలె? గదొక్కటి చెప్పు."

తనూజ ఫోన్‌లోకి తొంగి చూసింది. పెళ్లి, నిశ్చితార్థం, పెళ్లిచూపులు, బారసాల, అఖీఖా, పుట్టినరోజు, దినం, చెహల్లుం, రక్తదానం, పదవీ విరమణ ఉన్నాయి. మనిషి పుట్టి, పెళ్లాడి, రిటైరై, పోయేవరకు అన్నీ ఉన్నాయి. మధ్యలో కాస్త కూర్చోవడం మాత్రం లేదు. ఒకప్పుడు చివర 'ఇతరములు' అనే గడి కూడా ఉండేదట. జనమంతా దాన్నే నొక్కుతున్నారని తీసేశారు. తమ బస్తీలో ఇతరులు ఇంతమంది ఉండటం కమిటీకి మర్యాదగా తోచలేదు.

ఆమె కమిటీ అధ్యక్షుడు గోవర్ధన్ గారిని కూడా కలిసింది. ఆయన విశ్రాంత సూపరింటెండెంటు. విశ్రాంతి ఒక్కటే దొరికింది గాని సూపరింటెండెంటు పోలేదు. తనూజ చెప్పిందంతా కళ్లు మూసుకుని విని, తెరిచి, ఇలా సెలవిచ్చాడు.

"చూడమ్మా, మాకు మీ మీద ఏ అభ్యంతరమూ లేదు. మేం విశాల హృదయులం. కానీ యాప్‌కు హృదయం లేదు."

దారి కనిపెట్టింది స్వీటీ. స్వీటీ ఒక ల్యాబ్‌లో రక్తం తీసే ఉద్యోగం చేస్తుంది. ఆరేళ్లుగా తనూజతో ఒకే ఇంట్లో ఉంటోంది. లోకానికి రూమ్మేటు, తనూజకు లోకం. గోడకు అంటించిన హాలు నియమావళి మొత్తం చదివిన మొదటి పౌరురాలు కూడా ఆమే.

"తనూ, ఇటు చూడు," అంది. "పెళ్లికి శుభలేఖ కావాలంట. దినానికి డెత్ సర్టిఫికెట్. రక్తదానానికి ఆసుపత్రి ఉత్తరం. పుట్టినరోజుకు పుట్టినోడి ఆధార్. పెళ్లిచూపులకు మాత్రం ఏం అవసరం లేదు. ఫలితం గూడ చెప్పే పని లేదంట."

తనూజ కిటికీ దగ్గరికి తిరిగి వచ్చింది.

"బాపు, పెళ్లిచూపులు రాసుకో."

"ఎవలకు?"

"నాకే."

నర్సింహ ముఖం వికసించింది. "గీ మాట ముందుగాలనే చెప్పొచ్చు గద బిడ్డా!"

మొదటి ఆదివారం హాల్లో రెండు వరసల కుర్చీలున్నాయి. ఎర్రవి ఆడపిల్లవారికి, నీలివి మగపిల్లవాడివారికి. ఒక వరస ఖాళీగా ఉంటే ఆ పక్షంవారు రాలేదని లెక్క. కనక గుంపు రెండుగా చీలాల్సి వచ్చింది. ఎవరు ఎటు కూర్చోవాలన్న మీమాంస మొదలవగానే సుందరమ్మ జరీ చీర సర్దుకుని లేచింది. యాభై దాటిన మనిషి. పుట్టినప్పుడు ఇంట్లోవాళ్లు సుందర్ అని పేరు పెట్టారు. ఆమె దాన్ని పొడిగించుకుంది.

"చిన్నప్పటి సంది నన్ను గిటు కూసో, గటు కూసో అని అందరు చెప్పిండ్రు," అంది. "గియ్యాల నేను పిల్ల తరఫు. పిల్లకు చిన్నమ్మను. ఎవలన్న అడ్డమొస్తే మంచిగుండదు." ఎర్ర కుర్చీలో కూర్చుంది. అడ్డురావడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

నీలి కుర్చీల్లో పెద్దమనిషి ఖదీర్. బార్కస్ నుంచి గిన్నెడు హరీస్ మోసుకొచ్చాడు. ఆయన పక్కన డానియేలు. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల సారు. ఊళ్లో ఏ సందుకు వెళ్లినా ఆయన శిష్యుల తల్లిదండ్రులు ఎదురవుతారు. అందుకని ఆయన హెల్మెట్ తియ్యడు. బండి దిగాక కూడా తియ్యడు, హాల్లోకి వచ్చాక కూడా తియ్యడు. చాయ్ స్ట్రాతో తాగుతాడు. (రోడ్డు భద్రత విషయంలో ఈ నగరంలో ఇంతటి క్రమశిక్షణ మరొకరికి లేదు.)

నర్సింహ గుమ్మంలోంచి చూసి తనూజను సైగ చేసి పిలిచాడు.

"పిలగాడు గాయనేనా? హెల్మెట్ తీస్తలేడేంది?"

"సిగ్గు బాపు."

"గింత సిగ్గేంది? రేపు సంసారం ఎట్ల జేస్తడు?"

తలుపు మూశాక వాళ్లంతా ఎంత నవ్వారంటే, లోపల సంబంధం కుదిరిపోయిందనే నర్సింహ అనుకున్నాడు. కుదరలేదని తెలిసి ఆ సాయంత్రం తనూజను ఓదార్చి పంపించాడు.

ఇక ఆదివారాలు వరసగా వచ్చాయి, పెళ్లిచూపులూ వరసగా జరిగాయి. లోపల ఖదీర్ తన తల్లి జబ్బు సంగతి చెప్పుకుని ఏడ్చేవాడు. సుందరమ్మ కొత్తగా వచ్చినవాళ్లకు చీర కుచ్చిళ్లు పెట్టడం నేర్పేది. కొత్తవాళ్లు పెరిగారు. ఎర్ర కుర్చీలు చాలక నీలివి అప్పు తెచ్చుకునేవారు. తనూజ, స్వీటీ పక్కపక్కనే కూర్చునేవారు. స్వీటీ తల తనూజ భుజం మీద వాలి ఉండేది. వారం మొత్తంలో ఆ భుజానికి ఆ తల బరువు తెలిసేది ఆ కాసేపే. ఇంట్లో కూడా కిటికీలుంటాయి గదా.

తలుపు బయట మరొక చరిత్ర నడుస్తోంది. ప్రతి ఆదివారం నర్సింహ ముఖం మరింత వాడిపోతోంది.

"ఇది గూడ కుదరలేదా బిడ్డా?"

"లేదు బాపు."

"ఏమంటుండ్రు?"

"ఏమనలే. మళ్లొస్తమన్నరు."

"మళ్లొస్తమన్నోళ్లు రారు బిడ్డా. నాకెరుక."

వాళ్లు మళ్లీ వచ్చేవారు. నర్సింహ గుర్తుపట్టేవాడు. పాత సంబంధాలే తిరిగి వస్తున్నాయంటే పిల్లలో ఏదో మంచి గుణం ఉందని భార్య ఆండాలుతో అన్నాడు. ఆండాలు మార్కెట్లో అంది. మార్కెట్టు తనూజను గుండెలకు హత్తుకుంది. ఆమె కూరగాయలు కొంటే కొత్తిమీర కట్ట ఊరికే వచ్చేది. కొందరు నిమ్మకాయలిచ్చారు, కూరలోకి కాదు. ఆడవాళ్లను ప్రేమిస్తానని చెప్పినప్పుడు చెవిన పెట్టని బస్తీ, పెళ్లి కావడం లేదనేసరికి కన్నీరు పెట్టుకుంది. తనూజకు ఆ కొత్తిమీర పచ్చడి చేసుకున్నప్పుడల్లా గొంతు దిగేది కాదు. అయినా చేసుకునేది. పారేస్తే మరీ మోసమనిపించేది.

చివరికి కమిటీ చలించింది. ప్రత్యేక సమావేశంలో 'తనూజ వివాహ సాధన ఉపసంఘం' ఏర్పాటైంది. దానికో కన్వీనరు, ఒక కో-కన్వీనరు, జాతకాల పరిశీలకుడు. ఉపసంఘం తన మొదటి చర్యగా ఎర్ర కుర్చీలను ఈశాన్యానికి జరిపించింది. రెండో చర్యగా గోవర్ధన్ గారు తన అక్క కొడుకు బబ్లూను వెంటబెట్టుకుని, ముందుగా చెప్పకుండా, ఆదివారం హాలు తలుపు తోశారు.

లోపల పాట ఆగిపోయింది. స్వీటీ తల భుజం మీంచి లేచింది. నిజం పెళ్లిచూపులు ఎలా ఉంటాయో అప్పటిదాకా ఆ గుంపు చూడలేదు.

"పిల్ల తరఫువాళ్లు ఇటే ఉండండి. పిల్లవాడివారు..." గోవర్ధన్ గారు నీలి కుర్చీలు చూసి ఆగారు. "వీళ్లెవరు?"

"పాత సంబంధం సాబ్," అన్నాడు ఖదీర్ నిబ్బరంగా. "మేం ఇడిసిపెడ్తలేం. హరీస్ తినుండ్రి."

బబ్లూకు ముప్పై ఆరేళ్లు. పాల బూత్ నడుపుతాడు. కొండంత మనిషి, లోగొంతు. ఖాళీగా ఉన్న నీలి కుర్చీలో ఒదిగి కూర్చున్నాడు. అలవాటైన మనిషి కనక జీతం, సొంతిల్లు, అప్పచెల్లెళ్లు వగైరా ప్రశ్నలకు సిద్ధంగా తల వంచుకున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. సుందరమ్మ చాయ్ ఇచ్చింది. పక్కనున్న హెల్మెట్ మనిషి, మర్యాద కోసం, పాల వ్యాపారం ఎలా ఉందని అడిగాడు. బబ్లూ చెప్పాడు. "ఊ, ఆ తరవాత?" అంది హెల్మెట్.

బబ్లూ ఆ మాటకు ఉలిక్కిపడి తిరిగి చూశాడు.

"సార్? మీరు డానియేలు సార్ గదా? లెక్కలు? 'ఊ, ఆ తరవాత' అని బోర్డు మీద చాక్‌పీస్ కొట్టేటోళ్లు?"

హాలంతా బిగుసుకుపోయింది. ఆ మనిషి ఇన్నాళ్లు ఆ ఇనుప డిప్పలో దాచుకున్నది ఇప్పుడు పోయింది అనుకుంది తనూజ. డానియేలు గడ్డం కింది పట్టీ విప్పాడు. తరవాత రెండు చేతులతో హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నెత్తి మీద వెంట్రుకలు అణిగిపోయి, చెంపలు ఒరుసుకుపోయి, అప్పుడే నీళ్లలోంచి తేలిన మనిషిలా ఉన్నాడు.

"అవును బబ్లూ," అన్నాడు. "నేనే."

బబ్లూ ఆ నీలి కుర్చీలను చూశాడు. తన గురువును చూశాడు. పరిస్థితి మొత్తం అర్థమైందనుకున్నాడు.

"మీకు గూడ పెళ్లి గాలేదా సార్?"

"కాలేదు."

"మనది ఒకటే బాధ సార్," అని బబ్లూ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. డానియేలు కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఆపైన అంత్యాక్షరి మళ్లీ మొదలైంది. బబ్లూ మూడు పాటలు పాడాడు. బాగా పాడాడు.

బయటికి వస్తూ మేనమామతో అన్నది ఒకటే మాట. "మామా, నాకు గిక్కడ మస్తు నచ్చింది. మళ్లొస్త."

'ఇక్కడ' అన్న మాట గోవర్ధన్ గారి చెవిన పడలేదు. పెద్దలకు సంబంధించినంతవరకు నచ్చడానికి అక్కడ పిల్ల తప్ప మరొకటి లేదు. ఉపసంఘం అక్కడికక్కడే తీర్మానించింది. నర్సింహ ఫోన్ తీసి తనూజ బుకింగును పెళ్లిచూపుల నుంచి నిశ్చితార్థానికి మార్చాడు. ఆయన కళ్లలో నీళ్లు చూసి తనూజ కాదనలేకపోయింది.

రెండురోజుల తరవాత నర్సింహ, ఆండాలు కలిసి లాల్‌దర్వాజా దుకాణానికి వచ్చారు. ఆండాలు సంచీలోంచి ఒక చిలకపచ్చ పట్టుచీర తీసి బల్ల మీద పెట్టింది.

"దీనికి ఫాల్స్ కుట్టు బిడ్డా. నీకే. ప్రతి శుక్కురారం నీకోసం ఒక్కపొద్దున్న. అమ్మ సల్లంగ సూసింది."

తనూజ సూదికి దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. మళ్లీ ప్రయత్నించింది. లోపల అన్నం తింటున్న స్వీటీ చెయ్యి ఆపి చూస్తోంది. ఎన్నో చీరలకు ఎన్నో అంచులు కుట్టిన చేతులవి. ఈ చీరను మాత్రం ముట్టుకోలేకపోయాయి.

"బాపు," అంది. "నాకు సంబంధం దొరక్క గాదు. దొరికింది. ఆరేండ్లయింది. గీమెనే."

నర్సింహ స్వీటీ వైపు చూశాడు. స్వీటీ ఎంగిలి చేత్తోనే లేచి నిలబడింది.

"మరి గా పెళ్లిచూపులు?"

"పెళ్లిచూపులు గాదు బాపు. మేమందరం గట్లాంటోళ్లమే. కూసునే జాగ లేక గట్ల రాయించిన."

"ఉత్తగ కూసునేతందుకా?"

"ఉత్తగనే."

"గీ ముచ్చట నాకు ముందుగాల చెప్పొద్దా బిడ్డా!"

"చెప్పిన బాపు. మొదటి రోజే చెప్పిన. నువ్వు డబ్బా ఏదని అడిగినవ్."

నర్సింహకు ఆ రోజు గుర్తుకొచ్చినట్టుంది. బల్ల అంచు పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. "మీ ఇండ్లల్ల ఎరుకేనా?" అని మెల్లగా అడిగాడు.

"కొందరి ఇండ్లల్ల ఎరుకలేదు, గందుకు భయం. కొందరి ఇండ్లల్ల ఎరుకే. వాళ్లకు ఇండ్లే లెవ్వు."

ఆండాలు ఈ సంభాషణలో పాల్గొనలేదు. ఆమె స్వీటీని తలనుంచి కాలిదాకా, అచ్చం పెళ్లిచూపుల్లో చూసినట్టే చూసింది.

"నీకు వంటొస్తదా?"

"రాదమ్మా."

"మరి ఎవలు వండుతరు?"

"తనూజనే."

"ఎటు జేస్కున్నా గిదే గతి," అంది ఆండాలు తనూజతో. పైట సర్దుకుంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ఫాల్స్ అయితే కుట్టుకో. చీరలు వాపసు తీసుకోరు."

సంగతి తెలిసిన కమిటీ మాత్రం అంత తేలిగ్గా తీసుకోలేదు. అత్యవసర సమావేశంలో తనూజను నిలబెట్టారు. తాము విశాల హృదయులమేనని గోవర్ధన్ గారు మరొకసారి ప్రకటించారు. అభ్యంతరం వాళ్ల జీవితం మీద కాదట, తప్పుడు గడి మీదట. ఇన్ని వారాలు బస్తీ పడిన జాలికి జవాబుదారీ ఎవరని కో-కన్వీనరు ప్రశ్నించాడు. ఈశాన్యానికి జరిపిన కుర్చీలను తిరిగి జరపాలా అని మరొకరు అడిగారు. బబ్లూ వెనక వరసలోంచి లేచి, ఐతారం హాలు ఉంటదా లేదా అదొక్కటి చెప్పుండ్రి అన్నాడు. మేనమామ కూర్చోమన్నాడు. బబ్లూ కూర్చోలేదు.

చివరికి హాలు రద్దు చేద్దామన్నారు. మినిట్స్ రాయవలసిన నర్సింహ కంప్యూటరు మీద వేళ్లు పెట్టి ఆగాడు.

"ఏమని కొట్టమంటరు సార్?"

"ఇవ్వడం కుదరదని రాయి."

"కారణం రాయాలె సార్. హాలు పేరు సర్వజన భవనం. వీళ్లు జనం గాదు అని కొట్టమంటరా? మీరు చెప్పుండ్రి, నేను కొడ్త. కింద మీరు సంతకం వెట్టాలె."

గోవర్ధన్ గారు సర్వీసు మొత్తంలో నేర్చుకున్న విద్య ఒకటే. ఏ మాటైనా అనవచ్చు, కాగితం మీద మాత్రం ఉండకూడదు. ఆయన గొంతు సవరించుకుని, విషయం సానుభూతితో పరిశీలించవచ్చన్నారు. ఆ విధంగా యాప్‌లో పదకొండో గడి పుట్టింది.

"ఏం పేరు వెట్టమంటవ్ బిడ్డా?" అని అడిగాడు నర్సింహ.

"ఉత్తగ కూసునుడు," అంది తనూజ.

నర్సింహ ఒక్కో అక్షరం వెతికి కొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లలో కొందరు ఆ గడి వైపు ఆశగా చూశారని, ఒకరిద్దరు మనకూ పనికొస్తుందా అని గుసగుసలాడారని తరవాత బబ్లూ చెప్పాడు.

కమిటీ తన పరువు కోసం కొన్ని షరతులు జోడించింది. మైకు వాడరాదు. బోర్డు కట్టరాదు. అంత్యాక్షరిలో ఉద్రేకపూరితమైన పాటలు పాడరాదు. (ఏవి ఉద్రేకపూరితమో తేల్చడానికి మరొక ఉపసంఘం వేశారు. అది ఇప్పటికీ పాటలు వింటోంది.) ఇక కుటుంబాల మనోభావాలు దెబ్బతినకుండా చివరి షరతు: కూర్చునేవారి తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఆ సమయంలో హాలు ఛాయలకు కూడా రాకూడదు.

తనూజ అన్నిటికీ ఒప్పుకుని సంతకం చేసింది. మొదటి ఆదివారమే ఖదీర్ మైకు తెచ్చాడు. రెండో ఆదివారం సుందరమ్మ గుమ్మానికి పూలబోర్డు కట్టించింది. పాటల సంగతి చెప్పనక్కర్లేదు. నర్సింహ ప్రతి వారం ఉల్లంఘనలన్నీ నిజాయితీగా కమిటీకి నివేదిస్తున్నాడు. చివరి షరతును మాత్రం ఇంతవరకూ ఒక్కరు కూడా ఉల్లంఘించలేదు.